గడప దాటిన కథలు, దాటని కథలు: మీకు సరిపడే క్రైమ్ పాడ్‌కాస్ట్ ఏది?

డల్లాస్‌లో ఉంటున్న మా పిన్ని కూతురికి ఆఫీసుకు వెళ్లడానికి నలభై నిమిషాలు, రావడానికి ట్రాఫిక్‌ను బట్టి గంట పడుతుంది. "అక్కా, కారులో వినడానికి మంచి క్రైమ్ పాడ్‌కాస్ట్ ఏదైనా చెప్పు" అని మెసేజ్ పెడితే, ఉత్సాహం ఆపుకోలేక పదకొండు పేర్లు పంపాను. రెండు రోజులకు జవాబు వచ్చింది: "ఇది కిరాణా చీటీలా ఉంది. ఒక్కటి చెప్పు."

ఒక్కటి చెప్పాలంటే భయం నాకు. కొన్నేళ్ల క్రితం మా ఆఫీసులో ఒకాయనకు 'ఎస్-టౌన్' వినమని చెప్పాను. "అద్భుతంగా ఉంటుంది సార్, వినండి" అన్నాను తప్ప ఇంకేమీ చెప్పలేదు. రెండో ఎపిసోడ్ చివర్లో ఒక మనిషి ఆత్మహత్య చేసుకున్నాడన్న వార్త వస్తుంది. ఆయన ఇంట్లో అలాంటిదే ఒకటి జరిగిందని నాకు తెలియదు. "బాగుందమ్మా, కానీ ఆపేశాను" అన్నారు, అంతే. ఆ ముఖం ఇంకా గుర్తుంది. అప్పటి నుంచి "ఏది బాగుంటుంది" అని ఎవరు అడిగినా, ముందు "మీరు దేనికోసం వింటారు" అని అడుగుతున్నాను.

ఈ వ్యాసం కూడా అలాగే నడుస్తుంది. ముందు ఏం చూసుకోవాలో చెబుతాను, తర్వాత ఒక్కోదాన్నీ వాటితో తూచి చూద్దాం. కేసులు చివరికి ఏమయ్యాయో కూడా చెప్పేస్తున్నాను. ఇవన్నీ పేపర్లలో వచ్చినవే. ఏమీ తెలియకుండా వినాలనుకుంటే కింది పట్టిక చూసి అక్కడే ఆగిపోండి.

వినేముందు చూసుకోవాల్సినవి

నా మొదటి పరీక్షకు నేను పెట్టుకున్న పేరు "గడప దాటారా?". పాడ్‌కాస్ట్ చేసినవాళ్లు ఇంట్లో కూర్చుని పాత పేపర్లు, వికీపీడియా చదివి మనకు చెబుతున్నారా, లేక బయటికి వెళ్లి తలుపులు తట్టి, కోర్టు ఫైళ్లు తిరగేసి, ఎవరికీ తెలియనిది ఒక్కటైనా పట్టుకొచ్చారా? చదివి చెప్పడం తప్పేమీ కాదు. కానీ అలా చెప్పేవాళ్లు ఎవరి కష్టం మీద కథ చెబుతున్నారో వాళ్ల పేరు చెప్పాలి. గొంతు ఎంత బాగున్నా, వెనక వచ్చే సంగీతం ఎంత వణికించినా, ఈ పరీక్షలో పోయినదాన్ని నేను ఎవరికీ పంపను.

రెండోది ముగింపు. కొంతమందికి "ఎవరు చేశారో చివరిదాకా తేలలేదు" అంటే ఒళ్లు మండుతుంది. పన్నెండు గంటలు విన్నాక చేతులెత్తేస్తే వాళ్లకు మోసపోయినట్టు ఉంటుంది. ఇంకొందరికి ఆ తేలకపోవడమే ఇష్టం. మీరు ఏ బాపతో మీకే తెలుసు.

మూడోది కొంచెం ఇబ్బంది పెట్టే ప్రశ్న: చనిపోయిన మనిషి ఈ కథలో ఎక్కడున్నారు? ఆమెకు ఇష్టాలు, స్నేహితులు, గొంతు ఉన్నాయా, లేక మొదటి ఎపిసోడ్‌లో శవంగా వచ్చి మాయమైపోతుందా? ఆ కుటుంబం ఒప్పుకుందా?

నాలుగోది మన చెవి సంగతి. ఈ పాడ్‌కాస్టులన్నీ ఇంగ్లిష్‌లో ఉన్నవే. అలబామా యాస, సిడ్నీ యాస అందరికీ మొదటిరోజే పట్టుబడవు. వంట చేస్తూ, మిక్సీ మోతలో వినేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

| పాడ్‌కాస్ట్ | నిడివి | గడప దాటారా? | ముగింపు | చెవికి |
|---|---|---|---|---|
| సీరియల్, సీజన్ 1 | 12 ఎపిసోడ్లు | దాటారు, ప్రసారం నడుస్తుండగానే వెతికారు | తేలదు | తేలిక |
| ఇన్ ద డార్క్, సీజన్ 2 | 11, తర్వాత మరికొన్ని | ఆ ఊళ్లోనే కాపురం పెట్టారు | ఉంది | తేలికే, అక్కడక్కడ దక్షిణాది యాస |
| ఎస్-టౌన్ | 7 ఎపిసోడ్లు | దాటారు, మరీ లోపలికి వెళ్లారు | కేసుకు లేదు | కష్టం, బూతులు ఎక్కువ |
| ద టీచర్స్ పెట్ | చాలా పొడుగు | దాటారు | కోర్టులో తేలింది | ఆస్ట్రేలియా యాస |
| ద మిస్సింగ్ క్రిప్టోక్వీన్ | మధ్యస్థం | దాటారు | ఆమె ఇంకా దొరకలేదు | తేలిక |
| క్రిమినల్ | విడి కథలు, అరగంట అటూఇటూ | దాటుతారు | ప్రతి కథకూ ఉంటుంది | అన్నిటికంటే తేలిక |
| క్రైమ్ జంకీ | విడి కథలు | ఎక్కువగా చదివి చెప్పేవే | కేసును బట్టి | తేలిక, వేగం ఎక్కువ |
| కేస్‌ఫైల్ | విడి కథలు, తరచు గంట పైనే | ఎక్కువగా చదివి చెప్పేవే | కేసును బట్టి | ఆస్ట్రేలియా యాస, నెమ్మది |

సీరియల్: అందరూ మొదలుపెట్టే చోటు

పేరు చూసి సాయంత్రం ఏడున్నరకు వచ్చేది అనుకోకండి. 2014 అక్టోబర్‌లో మొదలై డిసెంబర్‌కి పూర్తయిన ఈ సీజన్ వల్లే పాడ్‌కాస్ట్ అనే మాట మామూలు జనం నోట్లోకి వచ్చింది. బాల్టిమోర్‌లో 1999 జనవరి 13న హే మిన్ లీ అనే హైస్కూలు విద్యార్థిని బడి అయ్యాక కనిపించకుండా పోయింది. ఫిబ్రవరిలో ఒక పార్కులో ఆమె శవం దొరికింది. అంతకుముందు ఆమెతో ప్రేమలో ఉన్న అద్నాన్ సయ్యద్‌కి అప్పుడు పదిహేడేళ్లు. అతనికి యావజ్జీవ శిక్ష పడింది. కేసంతా ప్రధానంగా ఒక పరిచయస్తుడి సాక్ష్యం మీద, సెల్ టవర్ రికార్డుల మీద నిలబడింది.

పదిహేనేళ్ల తర్వాత సారా కేనిగ్ అనే రిపోర్టర్ ఆ మధ్యాహ్నాన్ని నిమిషం నిమిషం విడదీసి చూస్తుంది. స్కూలు నుంచి ఫలానా పార్కింగ్ స్థలానికి 21 నిమిషాల్లో చేరగలమా అని తనే కారు తోలి చూస్తుంది. ఆమె గొప్పతనం ఏమిటంటే తన అనుమానాన్ని దాచుకోదు. ఒక వారం అద్నాన్‌ని నమ్ముతుంది, ఇంకో వారం నమ్మదు, మనల్ని కూడా తనతో పాటు ఊగిసలాడిస్తుంది. వంటింటి గట్టు మీద కూర్చుని ఒక తెలివైన స్నేహితురాలు చెబుతున్నట్టు ఉంటుంది.

చిక్కు కూడా అక్కడే ఉంది. పరిశోధన పూర్తిచేసి కథ చెప్పలేదు, చెబుతూనే పరిశోధించారు. వారం వారం మధ్యలో ఖాళీ దొరికేసరికి వినేవాళ్లంతా ఇంటర్నెట్‌లో డిటెక్టివ్‌లైపోయి, కేసుతో సంబంధం ఉన్న మామూలు మనుషుల ఇళ్ల వివరాలదాకా వెళ్లారు. హే కుటుంబం ఈ పాడ్‌కాస్ట్‌లో మాట్లాడలేదు. ఆమె మనకు తన డైరీ పేజీల్లోంచే వినిపిస్తుంది.

తర్వాత జరిగింది చూస్తే ఆ లోటు ఎంత పెద్దదో తెలుస్తుంది. 2022 సెప్టెంబర్‌లో కోర్టు ఆ తీర్పును కొట్టేసింది, అద్నాన్ 23 ఏళ్ల తర్వాత బయటికి వచ్చాడు. కానీ ఆ విచారణకు స్వయంగా హాజరయ్యేంత వ్యవధి తనకు ఇవ్వలేదని హే తమ్ముడు అప్పీలు చేశాడు. 2023 మార్చిలో అప్పీలు కోర్టు ఆయన మాట విని పాత తీర్పును మళ్లీ నిలబెట్టింది. 2024 ఆగస్టులో మేరీల్యాండ్ సుప్రీంకోర్టు కూడా అదే అంది. చివరికి 2025 మార్చిలో అద్నాన్ శిక్షను అప్పటిదాకా అనుభవించిన కాలానికి తగ్గించారు. అతను ఇంట్లో ఉన్నాడు, కానీ కాగితాల మీద దోషే. పన్నెండు ఎపిసోడ్లలో వినిపించని ఆ కుటుంబమే చివరికి కేసును మలుపు తిప్పింది.

ఎప్పుడూ పాడ్‌కాస్ట్ వినని మనిషికి ఇప్పటికీ నేను దీన్నే ఇస్తాను, ఎందుకంటే ఇది వినడం నేర్పుతుంది. ముగింపు కావాలనే పట్టుదల ఉన్నవాళ్లకు మాత్రం ఇవ్వను.

ఇన్ ద డార్క్: నా ఓటు దీనికే

మడెలిన్ బారన్, ఆమె బృందం చేసిన ఈ పాడ్‌కాస్ట్‌లో మొదటి మూడు ప్రధాన సీజన్ల గురించి చెబుతాను. మొదట మిన్నెసోటాలోని పబ్లిక్ రేడియో సంస్థ దగ్గర మొదలైంది, ఇప్పుడు న్యూయార్కర్ పత్రిక కింద నడుస్తోంది. మూడింటిలో దేనికదే వేరు కాబట్టి ఏ సీజన్‌తో అయినా మొదలుపెట్టొచ్చు.

రెండో సీజన్ గురించే ఎక్కువ చెప్పాలి. మిసిసిపీ రాష్ట్రంలో వినోనా అనే చిన్న ఊరు. 1996లో అక్కడ ఒక ఫర్నిచర్ షాపులో నలుగురిని కాల్చి చంపారు. కర్టిస్ ఫ్లవర్స్ అనే నల్లజాతి యువకుడిని పట్టుకున్నారు. అదే ప్రాసిక్యూటర్ అదే మనిషిని అదే నేరానికి ఒకసారి కాదు, ఆరుసార్లు విచారణకు నిలబెట్టాడు. పై కోర్టు కొట్టేయడం, జ్యూరీ (దోషో కాదో తేల్చే పన్నెండు మంది మామూలు పౌరులు) ఏకాభిప్రాయానికి రాకపోవడం, మళ్లీ మొదలుపెట్టడం, ఇదే తంతు.

రిపోర్టర్లు ఆ ఊళ్లో దాదాపు ఏడాది కాపురం ఉన్నారు. ఫ్లవర్స్ ఆ రోజు నడిచాడని పోలీసులు చెప్పిన దారంతా తిరిగి, అతన్ని చూశామన్న సాక్షుల తలుపులు ఒక్కొక్కటే తట్టారు. "నా దగ్గర నేరం ఒప్పుకున్నాడు" అని చెప్పిన తోటి ఖైదీ, చివరికి జైల్లోంచి దొంగచాటు ఫోన్‌లో మాట్లాడుతూ అదంతా అబద్ధమని వీళ్లకు చెప్పేశాడు. ఆ ఎపిసోడ్ విన్న రోజు నా టీ చల్లారిపోయింది.

నాకు అంతకంటే గొప్పగా అనిపించింది ఇంకోటి ఉంది, చెబితే బోరు అనిపిస్తుంది కానీ వింటే అనిపించదు. వీళ్లు కోర్టుల నేలమాళిగల్లో, అటకల మీద పడున్న పాత రికార్డులు తీసి, ఆ ప్రాసిక్యూటర్ ఆఫీసు 26 ఏళ్లలో నడిపిన కేసుల్లో జ్యూరీలోకి ఎవరిని రానిచ్చారు, ఎవరిని తీసేశారు అని లెక్క కట్టారు. తెల్లవాళ్లతో పోలిస్తే నల్లవాళ్లను నాలుగు రెట్లకు పైగా ఎక్కువగా తీసేశారని తేలింది. మన దగ్గర జ్యూరీలు లేవు కాబట్టి పన్నెండు మందిని ఎలా ఎంచుకుంటారో, అందులో కుట్ర ఎలా జరుగుతుందో మనకు కొత్త. ఈ సీజన్ విన్నాక అమెరికా కోర్టు వార్త ఏది చదివినా నాకు తేలిగ్గా అర్థమవుతోంది. 2019 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు 7–2తో ఆ శిక్షను కొట్టేసింది. ఆరు విచారణల్లో కలిపి, తను కాదనగలిగిన 42 మంది నల్లజాతి జ్యూరీ అభ్యర్థుల్లో 41 మందిని ప్రాసిక్యూషన్ తీసేసిందని తీర్పులో రాశారు. 2020 సెప్టెంబర్‌లో కేసే ఎత్తేశారు. ఫ్లవర్స్ అప్పటికి 20 ఏళ్లకు పైగా జైల్లో గడిపాడు.

మొదటి సీజన్ ఇంకో రకం సాహసం. 1989లో మిన్నెసోటాలో పదకొండేళ్ల జేకబ్ వెటర్లింగ్‌ను ఎత్తుకుపోయారు. 27 ఏళ్లు జాడ లేదు. పాడ్‌కాస్ట్ విడుదలకు సరిగ్గా ముందు, 2016 సెప్టెంబర్‌లో, హంతకుడు నేరం ఒప్పుకున్నాడు. ఇంకెవరైనా అయితే తల పట్టుకునేవాళ్లు. వీళ్లు మాత్రం "పక్కనే ఉన్నవాణ్ని పోలీసులు 27 ఏళ్లు ఎందుకు పట్టుకోలేకపోయారు" అనే ప్రశ్నతో కథ నడిపారు. హంతకుడెవరో తెలిసిపోయాక కూడా బిగువు తగ్గలేదంటే రాయడంలో ఎంత దమ్ముందో చూడండి.

2024లో వచ్చిన మూడో సీజన్ ఇరాక్‌లోని హదీతాలో 2005లో అమెరికా మెరీన్లు 24 మంది పౌరులను చంపిన సంఘటన మీద. సైన్యం దాచిన ఫోటోల కోసం రిపోర్టర్లు కోర్టుకెక్కారు. వాటిని అడగడానికి చనిపోయినవాళ్ల కుటుంబాల సమ్మతి కావాలనుకుని, అక్కడి బంధువులే ఇంటింటికీ తిరిగి సంతకాలు పోగుచేశారు. నేను మూడో ప్రశ్నగా పెట్టుకున్నదానికి ఇంతకంటే మంచి జవాబు ఇంకెక్కడా వినలేదు. దీనికి 2025లో పులిట్జర్ వచ్చింది.

తప్పులు లేవా? ఉన్నాయి. నవ్వు తక్కువ. రెండో సీజన్ మధ్యలో తుపాకీ ఎక్కడ దొరికింది, ఎవరు ఎక్కడ చూశారు అనే వివరాలు కుప్పపడతాయి. రెండు రోజులు ఆపి మళ్లీ పట్టుకుంటే పేర్లు కలిసిపోతాయి. పిల్లలున్నవాళ్లకు మొదటి సీజన్ రాత్రిపూట వద్దు.

ఎస్-టౌన్: హెచ్చరికతో మాత్రమే

2017 మార్చిలో ఏడు ఎపిసోడ్లూ ఒకేసారి వచ్చాయి. అలబామాలోని ఒక పల్లెటూరి నుంచి, పాత గడియారాలు బాగుచేసే ఒక వింత మేధావి "మా ఊళ్లో హత్య జరిగింది, కప్పేశారు, వచ్చి చూడండి" అని రిపోర్టర్ బ్రయన్ రీడ్‌కు రాస్తాడు. రీడ్ వెళ్లి చూస్తే ఆ హత్యే జరగలేదు. తర్వాత ఆ గడియారాల మనిషి చనిపోతాడు. అక్కడి నుంచి కథ అతని జీవితమే అవుతుంది: అతని పొదల చిట్టడవి, అతని ఒంటరితనం, అతని ప్రేమలు, అతని డబ్బు గురించి ఊళ్లో తగాదా.

రాత పరంగా నేను విన్నవాటిలో ఇదే మొదటిది. మంచి నవల చదివిన తృప్తి ఉంటుంది. కానీ ఇది నిజం మనిషి జీవితం. అతను బతికుండగా రహస్యంగా చెప్పుకున్న కొన్ని సంగతులు, పోయాక లక్షలమంది చెవిన పడ్డాయి. అతను వదిలి వెళ్లిన ఆస్తి వ్యవహారాలు చూసేవాళ్లు పాడ్‌కాస్ట్ వాళ్ల మీద కోర్టులో కేసు వేశారు, 2020లో రాజీ కుదిరింది. అతని పేరు నేను ఇక్కడ రాయకపోవడానికి కారణం అదే.

సాహిత్యం ఇష్టపడేవాళ్లకు, హంతకుడెవరన్న ధ్యాస లేనివాళ్లకు ఇది బంగారం. ఇంట్లో ఆత్మహత్య బాధ ఉన్నవాళ్లకు, మనసు బాగోలేని రోజుల్లో ఉన్నవాళ్లకు వద్దు. ఎవరికైనా పంపేటప్పుడు రెండో ఎపిసోడ్ సంగతి ముందే చెప్పండి. కథ తెలిసిపోయినా ఫరవాలేదు.

ద టీచర్స్ పెట్: అరెస్టు దాకా తెచ్చిన పాడ్‌కాస్ట్

1982 జనవరిలో సిడ్నీలో లినెట్ డాసన్ అనే ఇద్దరు పిల్లల తల్లి మాయమైంది. భర్త రగ్బీ ఆటగాడు, స్కూలు టీచరు. కొద్ది రోజులకే, అతని దగ్గర చదువుకున్న ఒక టీనేజ్ అమ్మాయి ఆ ఇంట్లోకి వచ్చేసింది. 2001లో, 2003లో ఇద్దరు కరోనర్లు (అనుమానాస్పద మరణాలను విచారించే అధికారులు) అతని మీద హత్య కేసు పెట్టాలన్నారు, ప్రాసిక్యూషన్ వాళ్లు కదల్లేదు. 2018లో హెడ్లీ థామస్ అనే జర్నలిస్టు ఈ పాడ్‌కాస్ట్ తెచ్చాడు. అదే డిసెంబర్‌లో అరెస్టు జరిగింది. 2022 ఆగస్టులో క్రిస్ డాసన్ దోషి అని తేలింది, 24 ఏళ్ల శిక్ష పడింది.

ఇంత ఫలితం ఇంకే పాడ్‌కాస్ట్‌కి వచ్చింది అనిపిస్తుంది. కానీ విచారణకు అడ్డం పడకూడదని దీన్ని 2019లో ఆస్ట్రేలియాలో తీసేయాల్సి వచ్చింది. ఇంత ప్రచారం తర్వాత న్యాయమైన విచారణ సాధ్యమా అన్న వాదనతో కేసు కొంతకాలం ఆగింది, చివరికి జ్యూరీ లేకుండా జడ్జి ఒక్కరే విన్నారు. చేసినవాడు దొరకాలన్న తొందరలో పాడ్‌కాస్టే కేసును చెడగొట్టే ప్రమాదం దాకా వెళ్లింది. 2008 నోయిడా ఆరుషి కేసులో మన టీవీ చానళ్లు చేసిన హడావిడి గుర్తున్నవాళ్లకు ఈ భయం విడమరిచి చెప్పక్కర్లేదు.

వినడానికి? పొడుగు. చెప్పిందే మళ్లీ చెబుతారు, రిపోర్టర్ కోపం దాచుకోడు. లినెట్ మాత్రం ఇందులో నిజమైన మనిషిగా కనిపిస్తుంది, ఆమె స్నేహితులు, కుటుంబం ఆమె గురించి మనసు విప్పి మాట్లాడతారు. ఆ ఒక్క విషయంలో సీరియల్ కంటే ఇదే మెరుగు.

రక్తం వద్దు అనేవాళ్లకు

'ద మిస్సింగ్ క్రిప్టోక్వీన్' బీబీసీది, 2019లో మొదలైంది. వన్‌కాయిన్ అనే ఉత్తుత్తి క్రిప్టో నాణెం పేరుతో ప్రపంచమంతా వందల కోట్ల డాలర్లు వసూలు చేసి, 2017 అక్టోబర్‌లో బల్గేరియా రాజధాని సోఫియా నుంచి ఏథెన్స్‌కి విమానమెక్కి మాయమైన రూజా ఇగ్నాటోవా కథ. ఎఫ్‌బీఐ ఆమెను 2022లో తన పదిమంది మోస్ట్ వాంటెడ్ జాబితాలో పెట్టింది.

మనవాళ్లు ఇది తప్పక వినాలంటాను. గొలుసుకట్టు స్కీముల మాటతీరు, "నువ్వు ఇద్దరిని చేర్పించు, వాళ్లు నలుగురిని చేర్పిస్తారు" అనే ఆ తియ్యటి లెక్క, చుట్టాలే చుట్టాలను ముంచడం, మోసమని తెలిశాక కూడా నమ్మకం పోకపోవడం ఇందులో కళ్లకు కడతాయి. అగ్రిగోల్డ్ బాండ్లు బీరువాలో దాచుకుని ఏళ్ల తరబడి ఎదురుచూసిన ఇళ్లు మన దగ్గర ఎన్ని ఉన్నాయో అందరికీ తెలుసు. ఇండియాలో కూడా వన్‌కాయిన్ మీటింగులు జరిగాయి, 2017లో నవీ ముంబై పోలీసులు అలాంటి ఒక మీటింగు మీద దాడిచేసి అరెస్టులు చేశారు. మీ ఇంట్లో "గ్యారంటీ రిటర్న్స్" అంటూ ఫోన్ చేసే బావగారు ఎవరైనా ఉంటే, ఆయనకు ముందు ఇది పంపండి.

ఒకే ఒక్క లోటు, చివరికి ఆమె దొరకదు.

కొద్ది సమయం ఉన్నవాళ్లకు

ఫీబీ జడ్జ్ నడిపే 'క్రిమినల్' 2014 నుంచి వస్తోంది. అరగంటకు అటూఇటూ ఒక కథ, ఆ రోజే మొదలు, ఆ రోజే చివర. అన్నీ హత్యలు కావు: దొంగలు, మోసగాళ్లు, జైలు మనుషులు, పొరపాటున నేరంలో చిక్కుకున్నవాళ్లు. మొట్టమొదటి ఎపిసోడే, ఒక హత్య కేసులో చంపింది గుడ్లగూబేమో అనే వాదన మీద. ఆమె గొంతు నిదానం, ప్రతి మాటా విడివిడిగా వినిపిస్తుంది. ఇంగ్లిష్ వినే అలవాటు కొత్తగా చేసుకుంటున్న మా అమ్మలాంటివాళ్లకు కూడా పట్టుబడింది. మెట్రోలో మియాపూర్ నుంచి అమీర్‌పేట చేరేలోపు దాదాపు ఒక కథ అయిపోతుంది. లోతు కావాలంటే మాత్రం ఇక్కడ దొరకదు. ఒక్కోసారి కథ అప్పుడే మొదలైంది అనుకునేసరికి ముగిసిపోతుంది.

'క్రైమ్ జంకీ' రకానివి వేరు. ఇద్దరు స్నేహితురాళ్లు, ఒకరు కథ చెబుతుంటే రెండోవారు "అయ్యో", "నిజమా" అంటుంటారు. బుర్రకథలో వంత పాడేవాళ్లను విన్న చెవులకు ఈ పద్ధతి కొత్తేం కాదు. గిన్నెలు తోముతూ వినడానికి హాయిగానే ఉంటుంది. కానీ 2019లో, ఇతర జర్నలిస్టుల పనిని పేరు చెప్పకుండా వాడుకున్నారన్న ఆరోపణలు వచ్చి కొన్ని ఎపిసోడ్లు తీసేశారు. నేను గడప పరీక్ష పెట్టుకున్నది అప్పటి నుంచే. ఎవరో ఒక చిన్న ఊరి రిపోర్టర్ నెలల తరబడి తిరిగి రాసింది, ఇంకెవరో గంటలో చదివి ప్రకటనల డబ్బు తెచ్చుకుంటే కడుపు మండదా?

ఈ కోవలోనే వినాలనుకుంటే 'కేస్‌ఫైల్' మేలు. పేరు చెప్పని ఆస్ట్రేలియా వ్యాఖ్యాత, జోకులు లేవు, కబుర్లు లేవు. పడుకునేముందు మాత్రం వద్దు.

నమ్మకం గురించి ఒక ముక్క

పెద్ద సంస్థ పేరు చూసి కళ్లు మూసుకోకండి. న్యూయార్క్ టైమ్స్ 2018లో 'కాలిఫేట్' అనే సిరీస్ తెచ్చింది. ఐసిస్‌లో చేరి మనుషులను చంపానని చెప్పిన ఒక కెనడా యువకుడి ఒప్పుకోలు దానికి గుండెకాయ. 2020లో కెనడా పోలీసులు అతనివన్నీ కట్టుకథలని కేసు పెట్టారు. పత్రిక తన తప్పు ఒప్పుకుని, వచ్చిన పీబడీ అవార్డును వెనక్కిచ్చేసింది. గొంతు వణుకుతూ చెప్పినంత మాత్రాన నిజమైపోదు. ఒకే ఒక్క మనిషి మాట మీద నడిచే సిరీస్ ఏదైనా సరే, ఇంకో ఆధారం ఏముందా అని చెవి రిక్కించండి.

మన కేసులు, మన భాష

మన దేశపు కేసులు కావాలంటే ఆర్యన్ మిశ్రా, ఐశ్వర్యా సింగ్ ఇంగ్లిష్‌లో చేసే 'ద దేశీ క్రైమ్ పాడ్‌కాస్ట్' ఉంది. ఇదీ కబుర్ల పద్ధతే. మన పోలీసు స్టేషన్, మన పోస్టుమార్టం, మన కోర్టు వాయిదాలు కాబట్టి ఏదీ విడమరిచి చెప్పించుకోనక్కర్లేదు.

తెలుగులో దొరికేవి ఎక్కువగా యూట్యూబ్ వీడియోలే. కొందరికి కథ చెప్పే నేర్పు నిజంగా ఉంది. డిటెక్టివ్ నవలలు అద్దెకు తెచ్చుకుని చదివిన జాతి మనది, ఆ రుచి ఎక్కడికి పోతుంది? కానీ థంబ్‌నెయిల్ మీద చనిపోయిన అమ్మాయి ఫోటో, చుట్టూ ఎర్ర వలయం, "మొగుణ్ని ఏం చేసిందో తెలిస్తే షాక్" లాంటి శీర్షికలు చూస్తే నేను తెరవను. అత్యాచార బాధితుల వివరాలు బయటపెట్టడం భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద నేరం. అయినా పేరు, ఊరు, కాలేజీ అన్నీ చెప్పే వీడియోలు కనిపిస్తూనే ఉన్నాయి. తెలుగులో ఏ చానల్‌నైనా ఎంచుకునేముందు ఒక చిన్న పని చేయండి: ఒక పాత కేసు మీద వాళ్ల వీడియో చూసి, కోర్టు చివరికి ఏం చెప్పిందో అందులో ఉందో లేదో చూడండి. చాలావాటిలో కథ అరెస్టు దగ్గరే ఆగిపోతుంది. మూడేళ్ల తర్వాత ఆ మనిషి నిర్దోషిగా విడుదలైనా ఆ వీడియో అలాగే ఉంటుంది.

మరి మీకు ఏది?

మొదటిసారి వింటున్నారా? సీరియల్ మొదటి సీజన్. కేసు గురించి ముందే గూగుల్ చేయొద్దు (పైన నేను చెప్పేశాననుకోండి, క్షమించాలి).

న్యాయం, రాజకీయం, వ్యవస్థ ఎలా పనిచేస్తుంది అన్న ఆసక్తి ఉన్నవాళ్లకు, లా చదివేవాళ్లకు, పోటీ పరీక్షలకు చదువుతూ కళ్లు అలసిపోయినవాళ్లకు ఇన్ ద డార్క్ రెండో సీజన్. ఇంట్లో పెద్దవాళ్లతో కలిసి వినాలంటే క్రిప్టోక్వీన్. పాతికేళ్లుగా నవలలు చదువుతున్నవాళ్లకు, పైన చెప్పిన హెచ్చరికతో, ఎస్-టౌన్. ఒక్క హంతకుడైనా జైలుకెళ్లడం వినాలని ఉంటే ద టీచర్స్ పెట్, యాస కోసం మొదటి రెండు ఎపిసోడ్లు ఓపిక పట్టండి. రోజుకు అరగంటే దొరికేవాళ్లకు క్రిమినల్.

రాత్రిళ్లు ఒంటరిగా ఉండేవాళ్లు, తలుపు గడియ రెండుసార్లు చూసుకునేవాళ్లు ఇవేవీ నిద్రకు ముందు వినొద్దు. స్పీడు ఒకటిన్నర రెట్లు పెట్టి వినడం నాకు నచ్చదు గానీ, టీచర్స్ పెట్‌కి మినహాయింపు ఇస్తాను.

డల్లాస్ చెల్లెలికి చివరికి ఇన్ ద డార్క్ రెండో సీజన్ పంపాను, ఒక్కటే. నాలుగో రోజు మెసేజ్: "ఆ జైల్లో ఫోన్ ఎపిసోడ్ దగ్గర ఎగ్జిట్ దాటిపోయాను." తర్వాతది ఏది వినాలో ఇంకా అడగలేదు.